వంటింట్లో చిన్న బొద్దింకలు, అటక మీద చప్పుడు, గుమ్మానికి మట్టి గీత: ఏం చేయాలి?

అద్దెకొంప (మియాపూర్)
అందరికీ నమస్తే. ఈమధ్యే పాత అపార్టుమెంటులో రెండో అంతస్తుకి మారాం. సామాను సర్దుకోకముందే తెలిసింది, ఈ ఇంట్లో మాకంటే ముందు నుంచి కాపురం ఉంటున్నవాళ్లు వేరే ఉన్నారని. రాత్రి వంటింట్లో లైటు వేస్తే చాలు, గోరంత కూడా లేని బొద్దింకలు స్టవ్ కింద నుంచి చెల్లాచెదురుగా పరిగెడతాయి. బాత్రూంలో అప్పుడప్పుడు పెద్దది ఒకటి వస్తుంది, అది ఎగురుతుంది కూడా. అర్ధరాత్రి దాటాక అటక మీద గీకుతున్న చప్పుడు. ఇవి చాలవన్నట్టు బెడ్రూం గుమ్మానికి కింద నుంచి పైకి సన్నగా మట్టి గీత ఒకటి పాకింది. స్ప్రే డబ్బాల మీద డబ్బాలు ఖాళీ చేశాం, రెండ్రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మామూలే. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది కాబట్టి ఏది పడితే అది కొట్టాలంటే భయం. ఓనరు గారేమో "పాత బిల్డింగు కదండీ, ఉంటాయి" అని తేల్చేశారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఓరుగల్లు
అన్నా, నువ్వు చెప్పినవి నాలుగు రకాలు. నాలుగింటికీ ఒకే మందు అని ఎవరైనా చెప్తే వాళ్ల దగ్గర కొనకు. ముందు ఫోటోలు పెట్టు.

వంటిల్లు (రాజమండ్రి)
చిన్న బొద్దింకలకి మా అత్తగారి కాలం నుంచి బోరిక్ పౌడరే. గోధుమపిండి, కాస్త పంచదార, బోరిక్ పౌడర్ నీళ్లతో ముద్ద చేసి చిన్న ఉండలు అలమారాల మూలల్లో పెడతాం. పాప అంటున్నారు కాబట్టి నేల మీద మాత్రం పెట్టొద్దు, ఆ ఉండలు చూడ్డానికి అచ్చం తినే వస్తువుల్లాగే ఉంటాయి. అన్నిటికంటే ముందు రాత్రి సింకులో ఎంగిలి గిన్నెలు ఉంచడం మానేయండి. గిన్నెలు తోమి, సింకు తుడిచి, తడి బట్ట ఆరేసి పడుకోండి. తిండి లేకపోయినా చాలా రోజులు బతుకుతాయి గానీ నీళ్లు లేకపోతే ఎక్కువ రోజులు తట్టుకోలేవు.

మందుకొట్టేవాడు (విజయవాడ)
నేను ఈ పనే చేస్తాను. నా వ్యాపారం కోసం చెప్తున్నానని అనుకోకండి, మీది మా ఊరు కాదు కాబట్టి నాకు పైసా రాదు.

చిన్నవీ పెద్దవీ ఒకే జాతి కాదండీ. చిన్నది పెరిగి పెద్దది అవుతుందని చాలామంది అనుకుంటారు. గోరంత ఉండి, లేత గోధుమ రంగులో, తల వెనక రెండు నల్ల చారలు పక్కపక్కన ఉంటే అది జర్మన్ బొద్దింక. అది మనింట్లోనే పుట్టి మనింట్లోనే చస్తుంది, బయట బతకదు. పెద్దది, ఎర్రటి గోధుమ రంగుది, ఇంచుమించు ఒకటిన్నర అంగుళం ఉండేది అమెరికన్ బొద్దింక. దాని ఇల్లు డ్రైనేజీ ఛాంబరు, మీ బాత్రూంకి చుట్టపుచూపుగా వస్తుంది.

చుట్టానికి జాలీ మార్చితే సరిపోతుంది. వాడని బాత్రూం ఉంటే నేల మీది జాలీలో వారానికోసారి ఒక మగ్గు నీళ్లు పోయండి. అడుగున వంపులో నిలవాల్సిన నీళ్లు ఎండిపోతే ఆ గొట్టం వాటికి రాచబాట. సింకు కింద పైపు గోడలోకి పోయే చోట చుట్టూ ఖాళీ ఉంటే వైట్ సిమెంటు పూయించండి.

చిన్నదానితోనే అసలు పేచీ. ఆడది గుడ్ల తిత్తిని తోక దగ్గర మోసుకుంటూ తిరుగుతుంది, ఒక్కో తిత్తిలో ముప్పై నలభై పిల్లలు. మీరు కొట్టే స్ప్రే ఆ తిత్తిలోకి పోదు. ఈరోజు కొట్టినవి చచ్చినా తిత్తుల్లోని పిల్లలు తర్వాత బయటికొస్తాయి, మీరేమో మందు పనిచేయలేదంటారు. దీనికి జెల్ పెట్టాలి. ఫిప్రోనిల్ జెల్ గానీ ఇమిడాక్లోప్రిడ్ జెల్ గానీ, పెసరగింజంత చుక్కలు, ఎక్కువ చోట్ల. ఒకే చోట పెద్ద ముద్ద పెడితే దండగ, అవి గూడు నుంచి ఎక్కువ దూరం తిండికి రావడానికి బద్ధకిస్తాయి. అలమారా తలుపుల కీళ్ల లోపల, సింకు అడుగున, ఫ్రిజ్ వెనక మోటారు పక్కన, మిక్సీ అడుగున పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం వాటర్ ప్యూరిఫయర్. మూత విప్పి చూడండి. వెచ్చదనం, చీకటి, తడి మూడూ ఒకేచోట దొరికేది అక్కడే. లోపల మిరియాల పొడి చల్లినట్టు నల్లగా కనిపిస్తే అది వాటి రెట్ట.

జెల్ తిన్నది గూట్లోకి పోయి చస్తుంది, దాని రెట్టా శవమూ మిగతావి తింటాయి, అవీ పోతాయి. రెండు మూడు వారాలాగి ఇంకోసారి పెట్టండి, తిత్తుల్లోంచి కొత్తగా వచ్చినవాటికి.

అనుమానం
జెల్ మేమూ పెట్టించాం. మనిషి వచ్చాడు, పది నిమిషాల్లో చుక్కలు పెట్టి డబ్బులు పట్టుకుపోయాడు, బొద్దింకలు హాయిగా ఉన్నాయి.

మందుకొట్టేవాడు
జెల్ పెట్టాక మీరు స్ప్రే కొట్టారా?

అనుమానం
కనిపిస్తే కొట్టమా మరి?

మందుకొట్టేవాడు
అదే కొంప ముంచింది. స్ప్రే వాసన పడ్డ చోట జెల్ ముట్టుకోవు. జెల్ పెట్టిన ఇంట్లో స్ప్రే, ఫినాయిల్ రెండూ ఆ మూలలకి తగలకూడదు. ఇది చెప్పకుండా పోయాడంటే ఆ వచ్చిన మనిషిది తప్పే, ఒప్పుకుంటాను. ఇంకో సంగతి, ఒకే జెల్ ఏళ్ల తరబడి వాడిన బిల్డింగుల్లో తీపి రుచిని అసహ్యించుకునే జర్మన్ బొద్దింకలు తయారవుతాయి, ఇది శాస్త్రవేత్తలు తేల్చిన విషయమే. అలాంటప్పుడు వేరే మందున్న వేరే జెల్‌కి మారాలి.

అద్దెకొంప
చాలా థాంక్సండీ. రేపే ప్యూరిఫయర్ విప్పిస్తా. చాక్‌పీస్ లాంటిది గీస్తారు కదా, అది పాప ఉన్న ఇంట్లో ఫరవాలేదా? సంతలో ఒకాయన లేబుల్ లేని సీసా కూడా అమ్ముతున్నాడు, "నువాన్ కంటే స్ట్రాంగు" అని.

పాత_ఏఓ
ముప్పై ఏళ్లు వ్యవసాయ శాఖలో మందుల దుకాణాలు తనిఖీ చేసినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క ప్రశ్నకి నేను జవాబు చెప్తాను.

లేబుల్ లేని సీసా ఇంట్లోకి తేవద్దు. నువాన్ అని జనం పిలిచేది డైక్లోర్వాస్. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో దాని వాడకమే నిషేధం. ఇంకా ఎక్కడెక్కడో అమ్ముతున్నారంటే అది పాత సరుకో దొంగ సరుకో అయి ఉంటుంది. ఏ పురుగుమందు డబ్బా మీదైనా ఒక మూలకు తిప్పిన చతురస్రం ఉంటుంది, అందులో కింది త్రికోణం రంగు చూడండి. ఎరుపు అంటే అతి ప్రమాదకరం, పసుపు దాని తర్వాత, ఆపైన నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఇంట్లో వాడే వస్తువు మీద ఎరుపో పసుపో కనిపిస్తే కొట్టువాడికే తిరిగి ఇచ్చేయండి.

చాక్‌లో ఉండేదీ పైరెథ్రాయిడ్ అనే రకం పురుగుమందే, సుద్దలో కలిపి గీస్తారు. మనకి ప్రాణాంతకం కాకపోవచ్చు గానీ నేల మీద తెల్లగా గీత కనిపిస్తే పిల్లలు వేలు పెట్టి నోట్లో పెట్టుకుంటారు. మీ ఇంట్లో వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. బియ్యం డబ్బాలోకీ, ఎలుక కన్నాల్లోకీ అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు ఎవరైనా ఇస్తే తీసుకోకండి. గాలిలో తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. అది ప్రభుత్వ గోదాములకీ, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లకీ తప్ప మామూలు జనానికి అమ్మకూడదు. పక్క గదిలో పెట్టిన గోళీల వల్ల నిద్రలోనే ప్రాణాలు పోయిన కుటుంబాల గురించి పేపర్లో మీరూ చదివే ఉంటారు. పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టు కూడా అంతే, లివర్ పాడై మనిషి కొన్ని రోజుల తర్వాత పోతాడు. మొదటి రోజు బాగానే కనిపిస్తాడు కాబట్టి ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు.

గోదారోడు (భీమవరం దగ్గర)
ఎలుకల సంగతి మా డెల్టా వాళ్లని అడగాలండీ. వరి చేలో మేం పడే బాధ ఇంకెవరూ పడరు. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో ఎలుకల మీద పరిశోధనకే ప్రత్యేకంగా ఒక విభాగం ఉందంటే అర్థం చేసుకోండి.

మా దగ్గర సాయంత్రం గట్టు మీద కలుగులన్నీ మట్టితో మూసేస్తాం. పొద్దున్నే పోయి చూస్తే కొన్ని మళ్లీ తెరుచుకుని ఉంటాయి. అవే ఎలుక ఉన్నవి, వాటిలోనే మందు పెట్టాలి. నూకలు 96 భాగాలు, నూనె 2 భాగాలు, బ్రోమడియోలోన్ అనే ఎలుకల మందు పొడి 2 భాగాలు కలిపి పొట్లాలు కట్టి లోపలికి తోస్తాం. ఊరంతా ఒకే రోజు పెడితేనే ఫలితం, ఒక్కడు పెడితే పక్క చేలోవి వచ్చి చేరతాయి. అంతకుముందు తరంలో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్లు వచ్చేవారు, ఎకరానికి ఇంత అని మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడూ కొందరున్నారు, మందు కంటే వాళ్ల బుట్టే నయం అంటాను నేను.

జింక్ ఫాస్ఫైడ్ అని ఇంకో ఎలుకల మందు ఉంది, అది మాత్రం ఇంట్లో వద్దే వద్దు. పైగా ఎలుక మహా అనుమానపు జంతువు, ఒకటి కాస్త కొరికి జబ్బు పడితే ఇక ఆ తిండి జోలికి రాదు. అందుకే చేలోనైనా ముందు రెండు మూడు రోజులు ఉత్తి నూకలు పెట్టి మరిగిస్తాం, తర్వాతే మందు కలిపినవి.

ఇదంతా పొలం ముచ్చట. పాప ఉన్న ఫ్లాట్‌లో మీరు మందు జోలికి పోకుండా బోనుతో సరిపెట్టండి. ఎర కింద కాల్చిన కొబ్బరి ముక్క గానీ ఎండుచేప గానీ దారంతో గట్టిగా కట్టండి, ఊరికే గుచ్చితే లాక్కుపోతుంది. బోను గది మధ్యలో పెట్టి రాలేదంటారు చాలామంది. ఎలుక గోడ వారనే నడుస్తుంది, మీసాలు గోడకి తగలకపోతే దానికి తోచదు. గోడకి ఆనించి పెట్టండి, మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి ఊరికే తిననివ్వండి.

ఓరుగల్లు
పిల్లిని పెంచుకో అన్నా, ఖర్చు తక్కువ.

అనుమానం
మా వీధిలో పిల్లులూ ఎలుకలూ ఒకే చెత్తకుండీలో తింటున్నాయి, రెండు పార్టీలకీ పొత్తు కుదిరింది.

మందుకొట్టేవాడు
నవ్వులాటకే గానీ, పిల్లి ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పెర్మెత్రిన్ లాంటి మందులు కుక్క తట్టుకుంటుంది గానీ పిల్లి తట్టుకోలేదు. స్ప్రే చేయిస్తే బాగా ఆరేదాకా పిల్లిని వేరే ఇంట్లో ఉంచండి. చేపల తొట్టె ఉంటే మూత వేసి గాలి పంపు ఆపేయాలి, చేపలకి ఇంకా ప్రమాదం.

ఎడిసన్_నుంచి (న్యూజెర్సీ)
ఇక్కడ చలికాలం వస్తే ప్రతి ఇంట్లోనూ చిట్టెలుకలే. నేను నేర్చుకున్నది ఏంటంటే, పట్టడం కంటే రానివ్వకపోవడం మీదే టైం పెట్టాలి. చిట్టెలుక పెన్సిలు దూరే కన్నంలోంచి వస్తుంది, పెద్ద ఎలుకకి బొటనవేలు పట్టేంత సందు చాలు. ఫోమ్ కొడితే కొరికేస్తుంది. స్టీలు పీచు కుక్కి దాని మీద సిమెంటో సీలెంటో పెట్టాలి. గ్యాస్ పైపు, ఏసీ పైపు, గీజర్ పైపు గోడలోంచి వచ్చే చోట్లు చూడండి, దాదాపు ప్రతి ఇంట్లో అక్కడే దొరుకుతుంది.

ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ మెషీన్ మాత్రం కొనకండి. ఇక్కడ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వ్యాపారుల మోసాల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ) 2001లోనే అరవైకి పైగా కంపెనీలకీ అమ్మకందారులకీ హెచ్చరిక ఉత్తరాలు రాసింది, మీరు చెప్పుకుంటున్నదానికి సాక్ష్యం ఏదని. అయినా ఇండియా వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరి ఇంట్లో ఆ నీలం లైటు మెరుస్తూనే ఉంటుంది.

గోదారోడు
మన మేస్త్రీలు సిమెంటులో గాజు పెంకులు కలిపి కుక్కుతారు, పందికొక్కుకి కూడా అదే మందు. కింది అంతస్తు వాళ్లకి పనికొస్తుంది.

హాస్టల్‌పక్షి (అమీర్‌పేట)
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా రూములో నల్లులు. పొద్దున లేస్తే చేతి మీద వరసగా మూడు నాలుగు దద్దుర్లు. రూమ్మేటుకి ఏమీ లేదు, నీకే ఏదో ఎలర్జీ అంటున్నాడు. వార్డెను కిరోసిన్ పూయమన్నాడు. పక్క రూములోకి మారిపోదామనుకుంటున్నా.

పాత_ఏఓ
మారకు బాబూ, నీతోపాటు అవీ మారతాయి. కుట్టినా కొందరి ఒంటి మీద అసలు దద్దురే రాదు, కాబట్టి మీ స్నేహితుణ్ణి కుట్టలేదని అనుకోనక్కర్లేదు.

సెల్‌ఫోను లైటుతో పరుపు కుట్టు వెంబడి చూడు, నాలుగు మూలలూ, మంచం చెక్కలు కలిసే సందులూ కూడా. పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మరకలు, వలిచిన పొట్టులాంటి తోళ్లు, సందుల్లో ఆవగింజ కంటే చిన్న తెల్లటి గుడ్లు కనిపిస్తే అవి నల్లులే. కిరోసిన్ వద్దు, హాస్టలు గదిలో నిప్పు ప్రమాదం. దుప్పట్లు, దిండు గలీబులు, బట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి ఎండలో పడేయి. ఉతకలేనివాటిని నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి మే నెల ఎండలో మేడ మీద పెడితే లోపల వేడెక్కి చస్తాయి, 50 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు. మన పెద్దవాళ్లు నవారు విప్పి మంచం కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోసేది ఇందుకే. ఇనుప మంచమైతే నువ్వూ అదే చెయ్యి.

మందుకొట్టేవాడు
గదికి మందు కొట్టిస్తే ఒక్కసారితో వదలవు. గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి రెండు వారాల్లోపే రెండోసారి కొట్టాలి. చుట్టూ నాలుగు గదులూ కలిపి చేయమని వార్డెనుకి చెప్పండి. మీ గదికి మాత్రమే కొడితే గోడ స్విచ్‌బోర్డు సందుల్లోంచి పక్కకి పోయి మళ్లీ వస్తాయి. తిండి లేకుండా నెలల తరబడి ఉంటాయి, సెలవులకి ఊరెళ్లి వస్తే చస్తాయిలే అనుకోవద్దు.

హాస్టల్‌పక్షి
చూశాను. ఉన్నాయి. మూలల్లో పొడుం చల్లినట్టుగా. రూమ్మేటు ఇప్పుడు నాకంటే ఎక్కువ గోక్కుంటున్నాడు.

వంటిల్లు
చదువుతుంటేనే ఒళ్లు జలదరిస్తోంది! బియ్యంలో పురుగు సంగతి ఎవరూ ఎత్తలేదేం? పాతిక కిలోల బస్తా మూతి కట్టి అలాగే ఉంచితే నెల తిరిగేసరికి నల్లటి ముక్కు పురుగులు వచ్చేశాయి. వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తున్నా.

పాత_ఏఓ
అమ్మా, ఆ ముక్కు పురుగు గింజకి చిల్లు పెట్టి లోపల గుడ్డు పెట్టి చిల్లు పూడ్చేస్తుంది. మీరు కొన్నప్పుడు శుభ్రంగా కనిపించిన బియ్యంలోనే అది ఉంది, మీ ఇంట్లో పుట్టింది కాదు. వేపాకు, మిరపకాయ వాసనకి పెద్దవి కొంత దూరం జరుగుతాయి గానీ గింజ లోపలున్నదాన్ని ఏమీ చేయవు. కొద్ది బియ్యమైతే డీప్ ఫ్రీజర్లో నాలుగు రోజులు పెడితే గుడ్డుతో సహా పోతుంది. బస్తా మొత్తానికి అది కుదరదు కాబట్టి నెలకి సరిపడా మాత్రమే కొని గాలి దూరని స్టీలు డబ్బాలో పోయండి, పాతవాటి మీద కొత్తవి కుమ్మరించొద్దు. ఎండలో కూడా ఆరబోయకండి, గింజ పగిలి వండితే నూక అవుతుంది. నీడలో పలచగా పరిస్తే పాకి పోతాయి.

పల్లెల్లో బోరిక్ పౌడర్ కలిపి పెడుతుంటారు, అది తినే వస్తువులో కలపాల్సింది కాదు. పారదం గోళీలని బట్టలో చుట్టి వేసేవాళ్లూ ఉన్నారు, అది పాదరసం. వెంటనే తీసేయండి.

వంటిల్లు
కందిపప్పుకి ఆముదం రాయడం?

పాత_ఏఓ
అది మంచిదే. నూనె పూత ఉంటే పురుగు గుడ్డు నిలవదు. వండే ముందు కడుక్కుంటాం ఎలాగూ.

అద్దెకొంప
అప్‌డేట్. ప్యూరిఫయర్ మూత విప్పాం. వాంతి ఒక్కటే తక్కువ. సర్క్యూట్ బోర్డు వెనక వంద దాకా ఉన్నాయేమో, పెద్దవీ పిల్లలూ కలిసి. మెకానిక్కు మాత్రం చలించలేదు, "అన్ని ఇళ్లల్లో ఇంతే సార్" అని బ్రష్షుతో ఊడ్చేశాడు. జెల్ పెట్టాం, స్ప్రేలు అటకెక్కించాం. మర్నాడు పొద్దున స్టవ్ దగ్గర వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నవి చాలా కనిపించాయి.

అటక మీద బియ్యప్పిండి పలచగా చల్లి ఉంచాం. పొద్దున చూస్తే అడుగులు స్పష్టంగా ఉన్నాయి, మధ్యలో తోక ఈడ్చిన గీత. పెంటికలు కూడా దొరికాయి, రెండు కొసలూ మొనదేలి అర అంగుళం పొడవున్నాయి. గీజరు పైపు పక్కన అరచేయంత కన్నం ఉంది, పాత అట్ట ముక్క అడ్డం పెట్టి రంగు వేసేశారు!

గోదారోడు
మొనదేలిన అర అంగుళం అంటే నల్ల ఎలుక, పైపులూ కేబుళ్లూ పట్టుకుని మేడలెక్కేది. చిట్టెలుకదైతే బియ్యపు గింజంతే ఉండేది. కన్నం ఇప్పుడే మూయకండి, లోపలున్నది పడ్డాక మూయండి. లేకపోతే లోపలే చిక్కుకుని మీ వైర్లు కొరుకుతుంది.

అనుమానం
మా కింద ఇంట్లో గోడ వెంబడి "కిచ్ కిచ్" అంటూ పరిగెట్టేది ఒకటుంది, ఒకటే కంపు. ఎన్ని మందులు పెట్టినా ముట్టుకోదు.

గోదారోడు
మూతి కోసుగా, కళ్లు చిన్నగా ఉంటే అది చుంచెలుక. అసలు అది ఎలుకే కాదండీ, పురుగుల్ని తినే జంతువు. మీ నూకలూ గింజలూ దానికెందుకు? బొద్దింకల్ని తింటుంది, తలుపు తీసి బయటికి తోలేయండి, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ కొట్టించండి.

ఓరుగల్లు
బల్లులకి ఏమన్నా ఉందా? కోడిగుడ్డు డొల్లలు కడితే రావంటారు.

వంటిల్లు
మా ఇంట్లో బల్లి ఆ డొల్ల మీదే కూర్చుంటుంది.

మందుకొట్టేవాడు
బల్లి దోమలకీ పురుగులకీ వస్తుంది. ట్యూబ్‌లైటు చుట్టూ పురుగులు తగ్గితే అదే పోతుంది. గుమ్మం మట్టి గీత సంగతి మర్చిపోయారు, దానికి వద్దాం. అది చెద. ఎండకీ గాలికీ తట్టుకోలేదు కాబట్టి మట్టితో గొట్టం కట్టుకుని దాని లోపల నడుస్తుంది. చీపురుతో దులిపేసి కిరోసిన్ రాస్తే ఇంకో దారి కట్టుకుంటుంది, మీకు కనపడని వైపు. ఒక అంగుళం మేర మాత్రమే విరిచి చూడండి. లోపల తెల్లటి మెత్తటి పురుగులు కదిలినా, నాలుగైదు రోజుల్లో ఆ విరిగిన చోటు మళ్లీ పూడినా అది బతికున్న దారి.

ఉలితోనో స్క్రూడ్రైవరు పిడితోనో గుమ్మాన్ని కింద నుంచి తట్టుకుంటూ రండి. డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా లోపల తినేసింది. పౌడరు డబ్బా ఒలికినట్టు సన్నటి పిండి రాలుతూ గుండుసూది కన్నాలు ఉంటే మాత్రం అది చెద కాదు, చెక్క తొలిచే పురుగు. దానికి సిరంజితో కన్నాల్లోకి మందు ఎక్కించాలి.

చెదకి సరైన పని చేయించాలంటే గోడా నేలా కలిసే చోట అడుగు దూరానికి ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల కన్నాలు ఏటవాలుగా వేసి, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు కలిపి పోసి, వైట్ సిమెంటుతో మూయాలి. కట్టిన ఇళ్లకి ఎలా చేయాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో రాసి ఉంది, వచ్చినవాణ్ణి దాని పేరు అడగండి, తడబడితే అర్థమైపోతుంది. కానీ మీది రెండో అంతస్తు. చెద పుట్ట నేలలో ఉంటుంది, పైకి ఎక్కిందంటే పైపుల డక్టులోంచి వచ్చి ఉంటుంది. మీ గుమ్మానికి మాత్రమే కొట్టి వదిలేస్తే వచ్చే వానాకాలానికి పై ఇంట్లో తేలుతుంది. ఇది అసోసియేషన్ కలిసి కింద నుంచి చేయించాల్సిన పని, ఓనరు ఖర్చు. అద్దెకున్నవాళ్లు పెట్టుకోకూడదు.

ఓరుగల్లు
తొలి వానకి లైట్ల దగ్గర రెక్కల పురుగులు కుప్పలుగా పడతాయే, ఉసిళ్లు, అవీ ఇవేనా?

పాత_ఏఓ
ఇవే. కొత్త కాపురం పెట్టుకోడానికి బయల్దేరిన చెదలు. రెక్కల చీమలతో పొరబడొద్దు. చీమకి నడుము సన్నం, ముందు రెక్కలు వెనక రెక్కల కంటే పెద్దవి. ఉసిళ్లకి నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు. ఇంటి లోపలి గోడలోంచే బయటికొస్తుంటే పుట్ట మీ గోడలోనో నేల కిందనో ఉన్నట్టు, ఆలస్యం చేయకండి.

అద్దెకొంప
బోనులో ఒకటి పడింది! ఎండుచేప పనిచేసింది. ఇంకో రెండు రాత్రులు పిండి చల్లి చూశాం, అడుగులు లేవు, నిన్న కన్నం మూయించాం. ఇప్పుడు కొత్త తలనొప్పి. పై ఇంటివాళ్లు ఎలుకల మందు బిళ్లలు డక్టులో పడేశారట. నిన్నటి నుంచి మా బాత్రూంలో భరించలేని వాసన. అడిగితే, "ఆ మందు తింటే నీళ్ల కోసం బయటికి పోయి చస్తుందండీ, వాసన రాదు" అంటున్నారు.

మందుకొట్టేవాడు
ఆ మాట ప్రతి కొట్లోనూ చెప్తారు. నిజం కాదు. ఆ బిళ్లల్లో ఉండేది బ్రోమడియోలోన్, రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. నాలుగు రోజుల నుంచి వారం లోపు నీరసించి ఎక్కడ ఒదిగితే అక్కడే పోతుంది, నీళ్లు వెతుక్కుంటూ ఎటూ పోదు. డక్టులో మెయింటెనెన్సు తలుపు ఉంటుంది, పెద్ద నీలం ఈగలు ఎక్కడ మూగుతున్నాయో చూస్తే చోటు దొరుకుతుంది. వదిలేస్తే ఒకటి రెండు వారాలు వాసన తప్పదు.

ఓరుగల్లు
మా కుక్క అలాంటి ఎలుకని తింటే?

మందుకొట్టేవాడు
ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, మందు పేరు ఉన్న అట్ట పట్టుకుని. దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1. పిల్లలు తిన్నా విరుగుడు అదే, కాకపోతే ఇంట్లో వాంతులు చేయించే పని పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. ఒంట్లో బాగానే ఉందని ఆగకూడదు, రక్తస్రావం మొదలవడానికే రోజులు పడుతుంది.

వంటిల్లు
చచ్చిన ఎలుక దొరికాక ఊడ్చేయకండి. ఎండిన పెంటికలు చీపురుతో కొడితే దుమ్మంతా ముక్కులోకి పోతుంది. ముందు బ్లీచింగ్ నీళ్లు బాగా చల్లి పది నిమిషాలు నాననిచ్చి, చేతికి తొడుగు వేసుకుని పాత బట్టతో ఎత్తి రెండు కవర్లలో కట్టేయండి. ఎలుక మూత్రం తగిలిన నీళ్లు కాలి పుండుకి అంటితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు, మా చుట్టాలబ్బాయి వరదల తర్వాత ఆసుపత్రిలో పడ్డాడు. చెప్పులు లేకుండా మాత్రం డక్టులోకి దిగొద్దు.

అద్దెకొంప
దిగేది నేను కాదు లెండి, పై ఇంటాయనే. గ్లవ్సు కొనిచ్చాను. ఆదివారం అసోసియేషన్ మీటింగులో చెద సంగతి పెడుతున్నా, ఆ ఐఎస్ నంబరు ఇంకోసారి చెప్పండి.

మందుకొట్టేవాడు
ఐఎస్ 6313, మూడో భాగం. కొటేషన్లో మందు పేరు, ఎంత శాతం, ఎన్ని కన్నాలు, ఎన్నేళ్ల గ్యారంటీ అన్నీ రాసివ్వమనండి. "హెర్బల్, వాసన రాదు" అని మాత్రమే రాస్తే సంతకం పెట్టకండి.